బోర్డు మారిస్తే విండోస్ పోయినట్టేనా? ఓఈఎమ్, రిటైల్ తేడా ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: అన్నా నమస్తే. 2014లో అసెంబుల్ చేయించుకున్న డెస్క్‌టాప్ నాది. అప్పుడే విండోస్ 7 ప్రొఫెషనల్ డబ్బులు పెట్టి కొన్నాను, 2016లో ఫ్రీగా ఇస్తుంటే 10కి అప్‌గ్రేడ్ చేసుకున్నాను. మొన్న మదర్‌బోర్డు కాలిపోయింది. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ అన్నీ కొత్తవి వేయించాను, డిస్క్ మాత్రం పాతదే. ఇప్పుడు స్క్రీన్ మూలన విండోస్ యాక్టివేట్ చేసుకోమని రాత కనపడుతూనే ఉంది, పోవట్లేదు. అసెంబుల్ చేసినతను "అది ఓఈఎమ్, బోర్డుతో పాటే పోయింది, కొత్తది కొనుక్కో" అంటున్నాడు. నేను ఎక్కడో చూసి ఒక కమాండ్ కొడితే రిటైల్ చానల్ అని వచ్చింది. ఎవరి మాట నిజం? ఇంట్లో చెడిపోయిన పాత లాప్‌టాప్ ఒకటి ఉంది, దాని అడుగున స్టిక్కర్ మీద విండోస్ 7 కీ ఉంది, దాన్ని దీనికి వాడుకోవచ్చా? లేకపోతే ఆన్‌లైన్‌లో చాలా తక్కువకి దొరికే లైఫ్‌టైమ్ ఓఈఎమ్ కీ కొనేయనా?

జవాబు: తమ్ముడూ, ముందు ఒక్క మాట, ఇంకా ఏదీ కొనకు. నీ దగ్గర హక్కు ఇంకా మిగిలే ఉండొచ్చు. ఉందో లేదో చెప్పేది ఆ కమాండూ కాదు, అతనూ కాదు, 2014లో నువ్వు కొన్న ఆ డీవీడీ కవర్ చెప్తుంది. అదెక్కడ పెట్టావో గుర్తు తెచ్చుకుంటూ మిగతాది చదువు.

ఓఈఎమ్ అంటే మెషీన్ తయారుచేసేవాళ్లు మెషీన్‌తో కలిపి ఇచ్చే లైసెన్సు, రిటైల్ అంటే మనం విడిగా కొనుక్కునేది. ఇవి రెండు రకాల విండోస్ అనుకుంటారు చాలామంది, ఒకదాంట్లో ఫీచర్లు తక్కువ, ఒకదాంట్లో ఎక్కువ అని. అదేం లేదు. ఫీచర్ల తేడా హోమ్, ప్రో అనే ఎడిషన్లలో ఉంటుంది, అది వేరే సంగతి, ఈ రెండూ కలిపేసుకోవద్దు. ప్రో ఎడిషన్ ఓఈఎమ్‌లోనూ ఉంటుంది, రిటైల్‌లోనూ ఉంటుంది, లోపల సాఫ్ట్‌వేర్ ఒకటే. తేడా అంతా ఒప్పందంలో ఉంది. ఇంట్లో గోడలోకి కట్టిన బీరువా ఉంటుంది, విడిగా కొన్న ఇనప బీరువా ఉంటుంది కదా, బట్టలు రెండిట్లోనూ ఒకేలా పడతాయి, కానీ ఇల్లు మారిన రోజు ఇనపది లారీ ఎక్కుద్ది, గోడది అక్కడే ఉండిపోద్ది. ఓఈఎమ్ లైసెన్సు గోడ బీరువా. మొదట ఏ మెషీన్ మీద వేశారో దానితోనే పుట్టి దానితోనే పోద్ది. రిటైల్ అయితే పాత మెషీన్‌లోంచి తీసేసి కొత్తదాంట్లో వేసుకోవచ్చు, ఒక సమయంలో ఒక్కదాంట్లోనే అనేది షరతు. ఇంకో చిన్న తేడా, ఓఈఎమ్‌కి సపోర్ట్ ఇవ్వాల్సింది మెషీన్ తయారుచేసిన వాళ్లు, రిటైల్‌కి మైక్రోసాఫ్ట్ వాళ్లే.

ఇక్కడ "మెషీన్" అంటే ఏంటి అనే దగ్గరే నీ గొడవ మొదలైంది. ర్యామ్ మార్చినా, డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేసినా, గ్రాఫిక్స్ కార్డు మార్చినా అదే మెషీన్ కింద లెక్క, బోర్డు మార్చావంటే మాత్రం కొత్త మెషీన్. ఒక్క మినహాయింపు ఉంది, బోర్డు చెడిపోతే వారంటీలో తయారీదారే మార్చి ఇస్తే ఓఈఎమ్ లైసెన్సు కొనసాగుద్ది. నువ్వు నీ అంతట నువ్వు ప్రాసెసర్‌తో సహా కొత్తది వేయించావు కాబట్టి ఆ దారి నీకు లేదు.

ఇప్పుడు నువ్వు కొట్టిన కమాండ్ సంగతి. ఎస్ఎల్ఎమ్‌జీఆర్ అని కొట్టి ఒక స్పేస్ ఇచ్చి స్లాష్ డీఎల్ఐ కొట్టి ఉంటావు, చిన్న బాక్స్ వచ్చి ఉంటుంది. అందులో డిస్క్రిప్షన్ అనే లైన్ చివర్లో చానల్ పేరు, అంటే ఆ కీ ఏ రకంగా అమ్మిందో ఆ పేరు ఉంటుంది, దాని కింద కీలో చివరి 5 అక్షరాలు ఉంటాయి. అందరూ చానల్ పేరు చూసి బాక్స్ మూసేస్తారు, నువ్వు మళ్లీ తెరిచి ఆ 5 అక్షరాలు చూడు. 3వీ66టీ అని ఉందా? ప్రో ఎడిషన్ కాబట్టి అదే ఉంటుందని నా అంచనా, హోమ్ అయితే 8హెచ్‌వీఎక్స్7 ఉండేది. అది నీ కీ కాదు. ఫ్రీ అప్‌గ్రేడ్ చేసుకున్న లక్షల మెషీన్లలో అదే కీ ఉంటుంది, జెనరిక్ కీ అంటారు. 2015 జులై 29 నుంచి ఏడాది పాటు 7, 8.1 వాడేవాళ్లకి 10 ఫ్రీగా ఇచ్చారు గుర్తుందా, అప్పుడు ఒక్కొక్కరికి కొత్త కీ ఇవ్వలేదు, నీ హార్డ్‌వేర్‌ని ఒక గుర్తుగా మార్చుకుని మైక్రోసాఫ్ట్ సర్వర్‌లో రాసుకున్నారు, దాన్నే డిజిటల్ లైసెన్సు అంటున్నాం. మెషీన్‌లో మాత్రం ఊరికే ఆ జెనరిక్ కీ పడేశారు, అది రిటైల్ చానల్ కీ కాబట్టి కమాండ్ రిటైల్ అనే చెప్తుంది. కింద ఉన్నది ఓఈఎమ్ విండోస్ 7 అయినా అదే చెప్తుంది, రిటైల్ విండోస్ 7 అయినా అదే చెప్తుంది! కానీ హక్కులు మాత్రం కింద ఉన్నదాన్ని బట్టే వస్తాయి. ఓఈఎమ్ మీద అప్‌గ్రేడ్ అయింది ఓఈఎమ్ లాగే మెషీన్‌కి కట్టుబడి ఉంటుంది, రిటైల్ మీద అయింది రిటైల్ లాగే కదులుద్ది. అందుకే నువ్వు చూసింది నిజమే, అతను చెప్పింది కూడా నిజమే అయి ఉండొచ్చు, ఆ రెంటికీ పేచీ లేదు.

అలాగని ఆ కమాండ్ దండగ అనట్లేదు, అప్‌గ్రేడ్ గొడవ లేని మెషీన్లలో బాగానే పనికొస్తుంది. ఓఈఎమ్ అండర్‌స్కోర్ డీఎమ్ అని వస్తే కీ బోర్డులోనే రాసి ఉందని అర్థం, బ్రాండెడ్ లాప్‌టాప్‌లన్నీ ఇంచుమించు ఇదే. ఓఈఎమ్ పక్కన సీఓఏ, ఎన్ఎస్ఎల్‌పీ అని వస్తే అసెంబుల్ చేసేవాళ్లకి అమ్మే ఓఈఎమ్, స్టిక్కర్ మీద కీ చూసి చేత్తో కొట్టింది. వాల్యూమ్ అని వస్తే అది ఏదో సంస్థకి ఇచ్చిన కీ, మన ఇంట్లో పీసీలో అది కనపడిందంటే ఎవరో ఏదో చేశారని అనుమానపడాలి. ఇంకో గుర్తు కూడా ఉంది, సెట్టింగ్స్‌లో అబౌట్ పేజీలో ప్రొడక్ట్ ఐడీ చివర ఏఏఓఈఎమ్ అని ఉంటే ఓఈఎమ్. విండోస్ 7లో అయితే ప్రొడక్ట్ ఐడీ రెండో ముక్కలోనే ఓఈఎమ్ అని కనపడేది. నీ పాత విండోస్ 7 రోజుల స్క్రీన్‌షాట్ ఏదైనా ఉందా? ఉండదులే, ఎవరు దాస్తారు.

కాబట్టి కవర్ వెతకాలి. విండోస్ 7 రిటైల్ అయితే ప్లాస్టిక్ డబ్బాలో వచ్చేది, లోపల 2 డీవీడీలు, ఒకటి 32 బిట్, ఒకటి 64 బిట్, కీ ఆ డబ్బాతోనే ఉంటుంది. అసెంబుల్ వాళ్లకి అమ్మే ఓఈఎమ్ అయితే పల్చటి ప్యాకెట్, లోపల ఒక్కటే డీవీడీ, దాని మీద కొత్త పీసీతో పాటు మాత్రమే ఇవ్వాలని ఇంగ్లిష్‌లో రాసి ఉంటుంది, కీ ఉన్న స్టిక్కర్‌ని క్యాబినెట్‌కి అంటించాలి. అంటే ముందు టేబుల్ కిందకి దూరి క్యాబినెట్ పక్కలు, వెనకాల చూడు. అక్కడ మైక్రోసాఫ్ట్ స్టిక్కర్ ఉంటే అతని మాటే నిజం, వాదించకు. అది లేకుండా అటక మీద 2 డీవీడీల డబ్బా దొరికితే నువ్వు గెలిచినట్టే. బిల్లు కూడా చూడు, కానీ చాలా బిల్లుల్లో విండోస్ 7 అని మాత్రమే రాస్తారు, ఓఈఎమ్ అని రాస్తే కొనేవాడు ప్రశ్నలు అడుగుతాడని కాబోలు.

డబ్బా దొరికింది అనుకుందాం, అయినా పని ఒక్క క్లిక్కుతో అయిపోదు, ముందే చెప్తున్నా. ఆ డబ్బా మీద విండోస్ 7 కీని ఇప్పుడు 10లోనో 11లోనో కొడితే పట్టదు. చాలా ఏళ్లు పట్టేది, ఫ్రీ ఆఫర్ 2016లో అయిపోయినా వెనక తలుపు తెరిచే ఉండేది, 2023 సెప్టెంబర్‌లో ఆ తలుపు మూసేశారు. ఇంక మిగిలింది ట్రబుల్‌షూటర్ దారి. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీకి వెళ్లి ట్రబుల్‌షూట్ నొక్కితే, ఈ మధ్య హార్డ్‌వేర్ మార్చాను అనే అర్థం వచ్చే ఆప్షన్ ఉంటుంది, అది నొక్కి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే నీ పాత డివైజ్‌ల లిస్టు వస్తుంది, అందులో పాత పీసీ పేరు ఎంచుకోవాలి. ఇది పనిచేయాలంటే బోర్డు కాలకముందే డిజిటల్ లైసెన్సు ఆ అకౌంట్‌కి లింక్ అయి ఉండాలి, ఎడిషన్ కూడా అదే ప్రో అయి ఉండాలి. నువ్వు పాత పీసీలో ఈమెయిల్‌తో లాగిన్ అయ్యేవాడివా లేక లోకల్ అకౌంటా అన్నది రాయలేదు. ఈమెయిల్ అయితే ఆశ ఉంది. లోకల్ అకౌంట్ అయితే బిల్లు, డబ్బా ఫోటోలు పెట్టుకుని మైక్రోసాఫ్ట్ సపోర్ట్ వాళ్లతో మాట్లాడటమే, రిటైల్ అని నిరూపించే కాగితం చేతిలో ఉంటే ఆ మాటకి బలం ఉంటుంది, ఓఈఎమ్ అయితే అసలు అడిగే హక్కే లేదు. విండోస్ 10 డిజిటల్ లైసెన్సు 11కి కూడా సరిపోద్ది, 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కాబట్టి యాక్టివేట్ అయిన వెంటనే 11కి వెళ్లిపో, కొత్త బోర్డు కాబట్టి హార్డ్‌వేర్ అడ్డం రాదనుకుంటా.

ఇక పాత లాప్‌టాప్ స్టిక్కర్. వద్దు. రెండు కారణాలు, ఒకటి అది ఆ లాప్‌టాప్‌కే ఇచ్చిన ఓఈఎమ్, స్టిక్కర్ మీద ఎడిషన్ పేరు పక్కన ఓఏ అనే రెండక్షరాలు, తయారీ కంపెనీ పేరు ఉంటాయి చూడు, రెండోది ఇందాక చెప్పిందే, విండోస్ 7 కీలు ఇప్పుడు పట్టవు. దాని గురించి ఒక తమాషా చెప్పనా? ఆ స్టిక్కర్ మీద కీని ఆ లాప్‌టాప్ ఎప్పుడూ వాడి ఉండదు. విస్టా, 7 రోజుల్లో పెద్ద కంపెనీలు ఒక బ్రాండు, ఒక ఎడిషన్‌కి ఒకే కీ పెట్టి వేల మెషీన్లు తయారుచేసేవి, బోర్డులోనే ఉండే బయోస్ అనే ప్రోగ్రాములో ఎస్ఎల్ఐసీ అనే ఒక గుర్తు పెట్టేవి, విండోస్ లేచినప్పుడు ఆ గుర్తు, కీ, బ్రాండు సర్టిఫికెట్ మూడూ కలిస్తే ఇంటర్నెట్ లేకుండానే యాక్టివేట్ అయిపోయేది. స్టిక్కర్ కీ కేవలం ఫార్మాట్ చేసి వేరే డిస్కుతో వేసుకుంటే పనికొచ్చే స్పేర్ తాళం లాంటిది. కీ చూపించే సాఫ్ట్‌వేర్ వేసి చూస్తే స్టిక్కర్ మీది కీ ఒకటి, లోపల కీ ఇంకొకటి కనపడి "నాకు దొంగ విండోస్ వేశారు" అని కంగారుపడిన వాళ్లని ఎంతమందిని చూశానో. విండోస్ 8 వచ్చాక 2012 నుంచి ఇది మారింది, ఒక్కో మెషీన్‌కి ఒక్కో కీ, అది బోర్డు ఫర్మ్‌వేర్‌లో ఎమ్ఎస్‌డీఎమ్ అనే చోట రాసి ఉంటుంది, స్టిక్కర్ మీద కీయే ఉండదు, ఊరికే ఒక గుర్తింపు లేబుల్ ఉంటుంది. అందుకే ఇప్పటి లాప్‌టాప్ ఫార్మాట్ చేసి విండోస్ వేస్తే అది కీ అడగకుండానే తనే చదువుకుంటుంది. ఇది తెలియక ఫార్మాట్ చేశాక మళ్లీ కీ కొనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అయ్యో అనిపిస్తుంది. సర్వీస్ సెంటర్‌లో బోర్డు మారిస్తే వాళ్లే కొత్త బోర్డులో కీ రాస్తారు, సెకండ్ హ్యాండ్ బోర్డు వేయిస్తే మాత్రం అందులో వేరేవాళ్ల మెషీన్ కీ ఉండొచ్చు, అడిగి చూసుకోవాలి.

అసలు నేను ఈ తేడా నేర్చుకున్నది కూడా తల బొప్పి కట్టాకే. ఎక్స్‌పీ రోజులు. నా లాప్‌టాప్‌తో వచ్చిన సీడీ పోగొట్టుకున్నాను, ఫ్రెండు దగ్గర డబ్బాలో కొన్న ఎక్స్‌పీ సీడీ ఉంటే తెచ్చి అడుగున స్టిక్కర్ మీద కీ కొట్టాను, తప్పు అంది. బీ ని 8 అనుకున్నానేమో అని మళ్లీ కొట్టాను. జీ ని 6 అనుకున్నానేమో అని మళ్లీ. ఒక సాయంత్రం మొత్తం 25 అక్షరాలు కొట్టడంతోనే పోయింది, స్టిక్కర్ మీద భూతద్దం కూడా పెట్టాను. తప్పు కీది కాదు, ఎక్స్‌పీలో సీడీలే వేరువేరు, రిటైల్ సీడీ ఓఈఎమ్ కీ తీసుకోదు, ఓఈఎమ్ సీడీ రిటైల్ కీ తీసుకోదు. సీడీలో ఐ386 ఫోల్డర్‌లో సెటప్‌పీ డాట్ ఐఎన్ఐ అనే చిన్న ఫైలు ఉంటుంది, అందులో పీఐడీ లైన్ చివరి 3 స్థానాల్లో ఓఈఎమ్ అని ఉంటే ఓఈఎమ్ సీడీ, 335 అయితే రిటైల్, 270 అయితే వాల్యూమ్. ఆ ఒక్క లైను ముందే తెలిస్తే సాయంత్రం మిగిలేది. 7 వచ్చేసరికి సోర్సెస్ ఫోల్డర్‌లో ఈఐ డాట్ సీఎఫ్‌జీ అనే ఫైల్లో చానల్ రాసేవాళ్లు. 10 నుంచి మామూలుగా డౌన్‌లోడ్ చేసుకునే ఐఎస్ఓ, అంటే ఇన్‌స్టాల్ చేసే ఫైలు, ఒకటే, ఓఈఎమ్ కీ అయినా రిటైల్ కీ అయినా తీసుకుంటుంది, అందుకే ఇప్పుడు డిస్క్ చూసి ఏదీ చెప్పలేం.

చివరికి ఆ చవక కీల సంగతి. నా మటుకు నేను కొనను, నిన్నూ కొనమనను. "ఓఈఎమ్ లైఫ్‌టైమ్" అని అమ్మే మాటలోనే తిరకాసు ఉంది తమ్ముడూ, ఎవరి లైఫ్‌టైమ్? ఓఈఎమ్‌లో లైఫ్ అంటే బోర్డు ఆయుష్షు. పైగా వచ్చేది నిజంగా ఓఈఎమ్ అయితే అదృష్టమే, చాలాసార్లు అది ఏదో కంపెనీకి చాలా మెషీన్ల కోసం ఇచ్చిన ఎమ్ఏకే అనే రకం కీ అయి ఉంటుంది, ఒక కీకి ఇన్ని యాక్టివేషన్లు అని లెక్క ఉంటుంది, ఆ లెక్కని ముక్కలు చేసి అమ్ముతారు, లెక్క అయిపోయినా అసలు ఓనరుకి తెలిసి బ్లాక్ చేయించినా మళ్లీ ఫార్మాట్ చేసిన రోజు నీకు తెలుస్తుంది, అప్పటికి అమ్మినవాడు ఉండడు. కొందరు కీ కూడా ఇవ్వరు, రిమోట్‌లో వచ్చి, సంస్థలు తమ సర్వర్‌తో యాక్టివేట్ చేసుకునే కేఎమ్ఎస్ అనే పద్ధతి పెట్టి పోతారు. కేఎమ్ఎస్ యాక్టివేషన్ 180 రోజులే, సంస్థల్లో అయితే వాళ్ల సర్వర్‌ని వారానికోసారి పలకరించి రెన్యూ అవుతూ ఉంటుంది, నీ ఇంట్లో ఆ సర్వర్ ఎక్కడిది? ఎస్ఎల్ఎమ్‌జీఆర్ స్లాష్ ఎక్స్‌పీఆర్ కొడితే పర్మనెంటా, ఫలానా తేదీకి అయిపోతుందా అనేది చెప్పేస్తుంది, ఎవరైనా యాక్టివేట్ చేసి ఇచ్చినప్పుడు డబ్బులు ఇచ్చే ముందు అది కొట్టి చూడు. అమ్మేవాళ్లు కోర్టు తీర్పులు చూపిస్తారు, నిజమే, జర్మనీలో 2000లో పై కోర్టు ఓఈఎమ్ కాపీలని విడిగా అమ్మొచ్చు అంది, 2012లో యూరోపియన్ యూనియన్ కోర్టు ఒరాకిల్ కేసులో వాడిన లైసెన్సు తిరిగి అమ్ముకోవచ్చు అంది, కానీ మొదట కొన్నవాడు తన కాపీ పనికిరాకుండా చేయాలని కూడా అదే తీర్పులో ఉంది. ఎవరి దగ్గరనుంచి వచ్చిందో తెలియని 25 అక్షరాలకి ఆ తీర్పు ఏం కాపాడుద్ది?

క్యాబినెట్ మీద స్టిక్కర్ దొరికి కొత్తది కొనక తప్పకపోతే, నీది అసెంబుల్డ్ పీసీ, పదేళ్లలో బోర్డు మార్చావు, మళ్లీ మారుస్తావు, కాబట్టి రిటైలే తీసుకో. ఎప్పుడూ విప్పని లాప్‌టాప్ వాడేవాళ్లకి రిటైల్ దండగ, దాంతో వచ్చిన ఓఈఎమ్ చాలు. రిటైల్ వేసుకున్నాక ఆ రోజే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి లింక్ చేసెయ్, యాక్టివేషన్ పేజీలో డిజిటల్ లైసెన్సు మీ అకౌంట్‌కి లింక్ అయింది అనే వాక్యం కనపడాలి. రేపు ఆ పీసీ అమ్మేస్తే అమ్మే ముందు ఎస్ఎల్ఎమ్‌జీఆర్ స్లాష్ యూపీకే కొట్టి కీ తీసేయ్, లేకపోతే కొన్నవాడూ నువ్వూ ఒకే కీ మీద కొట్టుకుంటారు. ముందైతే ఆ క్యాబినెట్ వెనకాల చూసి, అటక ఎక్కి, డబ్బాలో డీవీడీలు ఎన్ని ఉన్నాయో నాకు రాయి, పాత పీసీలో ఈమెయిల్‌తో లాగిన్ అయ్యేవాడివో కాదో అది కూడా.